ఇంటి కట్టెలకు ఏ రంపం మిషన్? చవకదీ ఖరీదైనదీ రెండూ వాడి చూశాక

పొయ్యిలోకి కట్టెలు కోసుకోవడానికి మిషన్ రంపం కొనాలనుకుంటున్న వాళ్లకి నా మాట ముందే చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వేలకి దొరికే 58 సీసీ రంపం కోస్తుంది. చెట్లు కొట్టడమే బతుకుతెరువుగా ఉన్నవాళ్లు పట్టుకు తిరిగే 70 సీసీ రంపం దానికంటే చాలా బాగా కోస్తుంది. అయినా ఇంటి అవసరానికి నేను ఈ రెండింటిలో ఏదీ కొనమనను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. జీడితోట, గట్ల మీద కొబ్బరి, దొడ్లో పనసలు, సముద్రం వైపు ఇసుకలో కొంచెం సరుగుడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదుగానే తీరం దాటింది. తెల్లారి చూస్తే తోటల్లో నిలబడ్డ చెట్టు వెతుక్కోవాల్సి వచ్చింది. అంతకుముందు మిషన్ రంపం అంటే సామిల్లు వాళ్ల దగ్గర చూడటమే. తర్వాత మా ఊళ్లో వీధికొకటి కనిపించడం మొదలైంది. గ్యాస్ బండ ఉన్నా స్నానాలకి నీళ్లు కాగేది కట్టెల మీదే, పెళ్లికో పేరంటానికో వంట పెడితే అదీ కట్టెల మీదే. కాబట్టి ఏడాదికి ఓ ట్రాక్టరు లోడు కర్ర కోసుకునే ఇల్లు మాది. కింద చెప్పేదంతా ఆ లెక్కలో చదవండి.

నా దగ్గరున్నది 58 సీసీ, 22 అంగుళాల బారు. బారు అంటే పళ్ల చైను చుట్టూ తిరిగే పొడుగాటి పట్టీ. కంపెనీ పేరు చెప్పి లాభం లేదు, ఇదే మోడల్ని ఆరెంజ్ రంగులో ఒక పేరుతో, ఎరుపు రంగులో ఇంకో పేరుతో అమ్ముతారు. వాటి సామాన్లు చాలావరకు ఒకదానివి ఒకదానికి పట్టేస్తాయి. పెట్టె మీద 58 అని ఉంటుంది గానీ సిలిండరు కొలతలు పెట్టి లెక్కేస్తే 54 చిల్లరే వస్తుంది. ఇక మా బావమరిది చెట్లు కొట్టే పని చేస్తాడు, అతనిది స్టిల్ కంపెనీ ఎంఎస్ 382. 72.2 సీసీ, 3.9 కిలోవాట్ల ఇంజను, బారూ చైనూ తగిలించకముందే 6.2 కిలోల బరువు. ఖరీదు నాదానికి ఎన్నో రెట్లు.

గాలికి పడిన ఒక పనస మొద్దు మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాం. రెండూ కొత్తగా పదును పెట్టిన చైన్లే. అతని రంపాన్ని మొద్దు మీద ఆనిస్తే చాలు, దాని బరువుకే అది దిగిపోయింది. పసుపుపచ్చ పేళ్లు కాళ్ల మీద కుప్పగా పడ్డాయి. నాది కూడా కోసింది, కాస్త నెమ్మదిగా. నిజం చెప్పాలంటే ఆ మొదటి ట్యాంకు పెట్రోలు అయ్యేదాకా ఇన్ని వేలు ఎక్కువ పోసి అతనిది ఎందుకు కొనాలి అనే అనిపించింది. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. అతని రంపంలో పిడికీ ఇంజనుకీ మధ్య వణుకు రాకుండా చేసిన ఏర్పాటు గట్టిది, గంట సేపు కోసినా చేతులు మామూలుగానే ఉన్నాయి. నాదాంట్లో ఉన్నవి రబ్బరు బుష్షులు. దించేసరికి వేళ్లు తిమ్మిరెక్కి లోటా పట్టుకోవడం కష్టమైంది. వేడి మీద ఆపితే నాది మళ్లీ అందుకోదు, తాడు లాగి లాగి రెట్ట నొప్పెడుతుంది. అతనిది రెండో లాగుకి అందుకుంటుంది.

చవకదాని గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది కొనేది అదే. పెట్టె విప్పి స్టార్ట్ చేస్తే యాక్సిలరేటర్ వదిలేసినా చైను తిరుగుతూనే ఉంది. ఇది చాలా ప్రమాదం. ఐడిల్‌లో చైను ఆగి తీరాలి. ఐడిల్ స్క్రూ కొంచెం వెనక్కి తిప్పితే ఆగింది గానీ ఆ సంగతి తెలియని కుర్రాడి చేతిలో పడితే ఏమయ్యేదో. సైలెన్సరు బోల్టులు వదులుగా ఉన్నాయి. చైనుకి ఆయిల్ పంపే పంపులో ప్లాస్టిక్ పళ్ల చక్రం తొందరగానే అరిగిపోయింది. కానీ ఒక మెచ్చుకోలు కూడా ఉంది. ఆ పంపు, కార్బొరేటరు, తాడు, క్లచ్ అన్నీ వందల్లో దొరుకుతాయి, బైక్ మెకానిక్కే విప్పి బిగించేశాడు. ఖరీదైన రంపానికి అసలు సామాను కోసం డీలరు దగ్గరికి టౌనుకి వెళ్లాలి, ఆ బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. చెట్లు కొట్టేవాడికి అది పెట్టుబడి. నీళ్లు కాచుకునేవాడికి దండగ.

అసలు ఈ రెండింటి మధ్య తేడా కంటే పదునున్న చైనుకీ మొద్దుబారిన చైనుకీ మధ్య తేడా పెద్దది. ఒకరోజు నేను చింత దుంగ మీద కూర్చున్నంత పని చేసి నొక్కుతుంటే బావమరిది చూసి అరిచాడు: "ఏటి బావా, అలా నొక్కేత్తన్నావు? పళ్లు సచ్చిపోనాయి, సూడు, పొట్టు పిండినాగొత్తంది." రంపం పేళ్లు రాలుస్తుంటే పదునున్నట్టు, మెత్తటి పొడి రాలుస్తుంటే పదును పోయినట్టు.

పదును పెట్టడం అతను అక్కడే చూపించాడు. మొద్దుకి చిన్న గాటు పెట్టి బారుని అందులో బిగించాడు. చైను మీద పళ్లు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి తిరిగి ఉంటాయి. ఒక వైపువన్నీ అయ్యాకే రెండో వైపుకి వచ్చాడు. గుండ్రటి ఆకురాయిని పంటి గాడిలో ఆనించి 30 డిగ్రీల వాలులో ముందుకి మాత్రమే తోశాడు. వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తేశాడు. పంటికి రెండు మూడు రాపుడ్లు, అంతే. ప్రతి పంటి ముందూ చిన్న బుడిపె ఉంటుంది, పన్ను అరిగేకొద్దీ దాన్ని కూడా చదును ఆకురాయితో తగ్గించాలి. అది పంటి కంటే 0.65 మిల్లీమీటర్ల కిందుంటే సరి. మరీ తగ్గించేస్తే రంపం చేతిలోంచి గుంజుతుంది. ఆకురాయి సైజు కూడా చైనుని బట్టే ఉంటుంది. నా 22 అంగుళాల రంపం చైనుకి 4.8 మిల్లీమీటర్లది, చిన్న రంపాల సన్న చైనుకి 4 మిల్లీమీటర్లది.

మా వైపు పదును పోవడానికి పెద్ద కారణం ఇసుక. దుంగని నేల మీదే పెట్టి కోస్తే చివర్లో చైను ఒక్కసారి ఇసుక తాకినా చాలు, మళ్లీ ఆకురాయి తీయాల్సిందే. కింద రెండు కర్రలు అడ్డం పెట్టుకోండి. కొబ్బరి మొద్దు కూడా అంతే, పీచు ఎక్కువ, చైనుని తొందరగా తినేస్తుంది. పొయ్యికి దాని వేడీ అంతంతమాత్రమే, నేను కోయడం మానేశాను. జీడి మెత్తన, ఏ రంపానికైనా లొంగుతుంది. సరుగుడు గట్టి కర్ర, కానీ లావు ఉండదు.

ఆ లావు సంగతి దగ్గరే ఖరీదైన పెద్ద రంపం ఇంటికి ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. మనం కోసేవి ఎక్కువగా జానెడు, జానెడున్నర లావు కర్రలు. వాటికి 20, 22 అంగుళాల బారు ఎందుకు? కుప్పలో ఒక కర్ర కోస్తుంటే పొడుగు బారు కొస వెళ్లి వెనకున్న ఇంకో కర్రకి తగులుతుంది. బారు కొస పై భాగం దేనికైనా తగిలిందంటే రంపం మొత్తం ఒక్కసారిగా మీ మొహం వైపు ఎగిరి వస్తుంది. ఇంజను ఎంత పెద్దదైతే అంత విసురు. ముందున్న చైను బ్రేకు అందుకే, దాన్ని రోజూ ఒకసారి పడుతోందో లేదో చూసుకోవాలి. మా ఊళ్లో లుంగీ ఎగ్గట్టి, హవాయి చెప్పులతో రంపం నడిపేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. మందపాటి ప్యాంటు, బూట్లు, కళ్లజోడు, చెవులకి మఫ్‌లు, ఇవన్నీ కలిపినా ఆసుపత్రి ఖర్చులో ఓ మూలకి రావు.

పెట్రోలు గురించి రెండు ముక్కలు. స్టిల్ వాళ్ల టూ-స్ట్రోక్ ఆయిల్‌తో అయితే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు కలపాలి, చవక రంపాల పుస్తకంలో మామూలుగా 40 కలపమని ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది. మన సముద్రం గాలిలో రంపాన్ని ట్యాంకు నిండా పెట్రోలుతో మూల పడేస్తే వర్షాకాలం దాటాక కార్బొరేటరు శుభ్రం చేయించుకోవాలి. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, అదే ఆగిపోయేదాకా ఇంజను నడపండి. బారుకి కాలిపోయిన ఇంజనాయిల్ పోయడం అందరూ చేసే పనే. అందులో ఇనప రజను ఉంటుంది, పంపు పోతుంది.

మరైతే ఏది కొనాలి? మంచి కంపెనీ వాళ్ల చిన్న రంపం. స్టిల్ ఎంఎస్ 180, 31.8 సీసీ. లేదా హస్క్‌వర్నా 120 మార్క్ 2, 38.2 సీసీ. 14 లేదా 16 అంగుళాల బారు. పక్కింటి వాళ్ల ఎంఎస్ 180 అడిగి తెచ్చి నా లోడు కర్రంతా దాంతోనే కోశాను. పెద్ద చింత మొద్దు దగ్గర ఓపిక పట్టాల్సి వచ్చింది, మిగతా అంతా హాయిగా అయిపోయింది. సాయంత్రం లోటా కూడా చేతిలో నిలిచింది. ధర చవకదానికి రెండు మూడు రెట్లుంటుంది, ఖరీదైనదాని దరిదాపుల్లో ఉండదు. ఏడాదికొకసారి లావు మొద్దులు పడితే వాటికి మా బావమరిది లాంటివాళ్లని కూలికి పిలవడమే నయం.

కర్రంతా ఇంటి దగ్గరికే చేరేదైతే కరెంటు రంపం కూడా బాగుంటుంది, కార్బొరేటరు గొడవ లేదు. మందమైన వైరు వేసుకోవాలి, వోల్టేజీ పడిపోయే సాయంత్రాల్లో ముట్టుకోకూడదు. గ్రైండరుకి బారు తగిలించుకునే అటాచ్‌మెంట్లు అమ్ముతున్నారు, వాటిని మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకండి. వాటికి బ్రేకు ఉండదు.

షాపులో కొంటే మీ ఎదురుగానే స్టార్ట్ చేయించండి. ఐడిల్‌లో చైను ఆగుతోందా, బ్రేకు తోస్తే టక్కున నిలుస్తోందా చూడండి. చైను బారుకి ఆని ఉండాలి, చేత్తో లాగితే జరగాలి. కొత్త చైను మొదట్లో సాగుతుంది, కాబట్టి మధ్యమధ్యలో ఆపి, చల్లారాక బిగించుకోవాలి. ఒక స్పేరు చైను, దానికి సరిపడే గుండ్రటి ఆకురాయి రంపంతో పాటే అదే బిల్లులో వేయించుకోండి.