సుప్రీమ్స్ గౌన్ల నకళ్లు: మెరుపు సరే, చెయ్యి పైకి లేస్తుందా?

అరవైల నాటి అమెరికన్ గాయనుల త్రయం సుప్రీమ్స్ పాటలతో ట్రిబ్యూట్ షోలు (వాళ్లలాగే వేషం వేసి పాడే ప్రదర్శనలు) చేసేవాళ్ల కోసం రెడీమేడ్ గౌన్ల సెట్లు చాలానే అమ్ముతున్నారు. మూడు గౌన్లు, ఒకే రంగు, నేల దాకా మెరుపు. ఫోటోలో అన్నీ బాగానే ఉంటాయి. సెట్టు చేతికి రాగానే చెయ్యాల్సిన మొదటి పరీక్ష మాత్రం అద్దం ముందు కాదు. గౌను తొడుక్కుని, జిప్ పూర్తిగా పెట్టి, కుడి చెయ్యి ముందుకు చాచి అరచేతిని ఎదుటివాళ్లకు చూపించాలి. 1965లో వచ్చిన 'స్టాప్! ఇన్ ద నేమ్ ఆఫ్ లవ్' పాటలో ఆ ముగ్గురూ చూపించిన ముద్ర అదే. ఆ తర్వాత చెయ్యి తలపైకి ఎత్తాలి. అంచు నేల నుంచి నాలుగు వేళ్లకు మించి లేచినా, చంక దగ్గర కుట్టు చిట్లినా ఆ గౌను ఫోటోకే పనికొస్తుంది. రెండు పాటలు పాడేసరికి ఆట కట్టు.

దుకాణాల అట్టల మీద అంతటికీ కలిపి 'అరవైల సుప్రీమ్స్' అని రాసి ఉంటుంది. అసలు తప్పు అక్కడే మొదలవుతుంది. 1959లో డెట్రాయిట్‌లో ప్రైమెట్స్ పేరుతో మొదలైనప్పుడు వాళ్లవి బడిపిల్లల స్వెట్టర్లు, కుచ్చుల స్కర్టులు. 1961లో రికార్డుల కంపెనీ మోటౌన్‌తో ఒప్పందం కుదిరాక పేరు సుప్రీమ్స్ అయింది. 1964లో వరసగా నంబర్ వన్ పాటలు మొదలయ్యాక పొందికైన పార్టీ దుస్తులు, 1965 తర్వాత నైట్‌క్లబ్ గౌన్లు, దశాబ్దం చివరికి పూసల బరువుతో నిలువెల్లా మెరిసే గౌన్లు. పదేళ్లలో నాలుగు వేషాలు. ఏ ఏడాది పాటలు పాడుతున్నారో తేల్చుకోకుండా సెట్టు కొంటే, 1964 నాటి పాటను 1969 గౌనులో పాడాల్సి వస్తుంది. ఆ బృందాన్ని తెలిసిన ప్రేక్షకులు ఇట్టే పట్టేస్తారు.

1964-65 రకంతో మొదలుపెడదాం. ఇది కుట్టడానికి తేలిక, మోసపోవడానికీ తేలికే. అమెరికా టీవీ వినోద కార్యక్రమం ఎడ్ సల్లివాన్ షోలో వాళ్లు మొదటిసారి కనిపించింది 1964 డిసెంబరు 27న, నలుపు తెలుపు తెర మీద. అలాంటి తెర మీద రంగు కనిపించదు. ఆకారమూ, అంచూ, వెలుగునీడల తేడానే పని చేస్తాయి. అందుకే ఈ దశ నకలులో రంగు కన్నా కటింగ్ ముఖ్యం. చేతుల్లేని పైభాగం, నడుము దగ్గర స్పష్టమైన గీత, ఒంటికి అంటుకోకుండా ఆనుకుని ఉండే స్కర్టు ఉండాలి. ఆ రోజుల్లో మోటౌన్‌లో నడక, కూర్చోవడం, నిలబడడం నేర్పిన మ్యాక్సిన్ పావెల్, అడుగులు నేర్పిన చోలీ అట్కిన్స్ ఇద్దరి శిక్షణా ఈ దుస్తుల్లోనే కనబడుతుంది. చేతులు మాట్లాడతాయి, మోకాళ్లు పొదుపుగా కదులుతాయి. చేతుల్లేని కటింగ్ అందానికి ఎంతో, చేతి ముద్రలకూ అంత అవసరం.

రెడీమేడ్‌లో ఈ రకం సాధారణంగా పలచటి పాలియెస్టర్ శాటిన్‌తో వస్తుంది. లోపల లైనింగ్ ఉండదు, ఉన్నా నడుము దగ్గరే ఆగిపోతుంది. వేదిక దీపాలు వెనక నుంచి పడితే కాళ్లు నీడబొమ్మల్లా కనబడతాయి. పైగా శాటిన్ మీద చెమట మరక నీళ్ల చుక్కంత స్పష్టంగా తేలుతుంది. మందు ఉంది: అంచు దాకా లైనింగ్ వేయించి, చంకల్లో విప్పి ఉతుక్కునే కాటన్ ప్యాడ్లు పెట్టించాలి. ఒక్కో గౌనుకు రెండు జతలు ఉంటే ఆటవిడుపులో మార్చుకోవచ్చు. ఈ రెండు మార్పులూ చేయించుకోగలిగితే ఈ రకం సెట్లు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి.

అసలు కథ చమ్కీల గౌన్లది. 1965 జులైలో న్యూయార్క్ కోపకబానా క్లబ్బులో పాడాక వాళ్ల శ్రోతలు మారారు. కుర్రకారుతో పాటు బల్లల ముందు కూర్చుని భోంచేసే పెద్దవాళ్లూ వచ్చారు. అదే ఏడాది చివరికల్లా సల్లివాన్ షో రంగుల్లోకి వచ్చింది. దుస్తులు ఈ రెంటికీ జవాబు చెప్పాయి. ఆ తర్వాతి ఏళ్లలో మైకేల్ ట్రావిస్, బాబ్ మాకీ లాంటి డిజైనర్లు వాళ్లకు గౌన్లు రూపొందించారు. 1967లో ముగ్గురిలో ఒకరైన ఫ్లారెన్స్ బల్లార్డ్ స్థానంలో సిండీ బర్డ్‌సాంగ్ వచ్చింది, బృందం పేరు ముందు ప్రధాన గాయని డయానా రాస్ పేరు చేరింది. 1968 నవంబరులో లండన్ పల్లేడియం థియేటర్లో, బ్రిటన్ రాజకుటుంబం ముందు జరిగే రాయల్ వెరైటీ ప్రదర్శన నాటికి అవి దుస్తులుగా కన్నా కట్టడాలుగా కనిపిస్తాయి. నకళ్లు తయారుచేసేవాళ్లు ఎక్కువగా పట్టుకునేదీ, ఎక్కువగా పాడుచేసేదీ ఈ దశనే.

మార్కెట్లో ఇవి మూడు తరగతులు. అన్నిటికన్నా చవక రకంలో ఉండేవి చమ్కీలు కావు, గుడ్డ మీద అంటించిన రేకు చుక్కలు. గోటితో గీకితే తెలిసిపోతుంది. వెనక జిప్‌కు బదులు అతుకు పట్టీ, అందరికీ ఒకే సైజు. మొదటి ఉతుకులో కూర్చునే చోటా, మోచెయ్యి రాసుకునే పక్కనా చుక్కలు రాలి గుడ్డ బోసిగా కనబడుతుంది. వేషాల పార్టీకి ఒక రాత్రి సరిపోతుందేమో గానీ, వేదికకు వద్దు.

రెండోది సాగే జాలీ మీద మిషన్‌తో కుట్టిన చమ్కీలు. కొంచెం తెలివిగా ఎంచుకుంటే చాలామందికి ఇదే సరైన కొనుగోలు. 3 మిల్లీమీటర్ల చమ్కీ దూరానికి నున్నని లోహపు పూతలా కనబడుతుంది. 5 మిల్లీమీటర్లదైతే చుక్కలు చుక్కలుగా మిలమిలలాడుతుంది. చిన్న హాలుకు చిన్నది, పెద్ద హాలుకు పెద్దది. చమ్కీ దేనితో చేశారో కూడా చూడాలి. పీవీసీ రకం వేడి తగిలితే ముడుచుకుపోతుంది కాబట్టి ఇస్త్రీ పెట్టె దాని దగ్గరికి రాకూడదు. లోపలి కుట్టు దగ్గర అంగుళం మేర ఆవిరి పట్టి చూస్తే బండారం బయటపడుతుంది.

ఈ రకంలో పెద్ద లోపం సాగడమే. అసలు గౌన్లు సాగని గుడ్డతో, లోపల గట్టి పొరతో కుట్టినవి. అవి శరీరానికి ఒక ఆకారం ఇచ్చేవి. సాగే జాలీ శరీరం ఎలా ఉంటే అలాగే చూపిస్తుంది. ఊపిరి తీసుకున్నా కడుపు దగ్గర మెరుపు కదులుతుంది. పైభాగానికి సాగని లైనింగ్, నడుము లోపల రెండు వేళ్ల వెడల్పు గ్రోస్‌గ్రెయిన్ (అడ్డగీతల గట్టి రిబ్బను) పట్టీ, దానికి విడిగా హుక్కులు వేయించాలి. బరువంతా ఆ పట్టీ మీదే నిలుస్తుంది, భుజాలు తేలికపడతాయి. జిప్ మీద లాగుడు తగ్గుతుంది కాబట్టి పాట మధ్యలో అది విడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

మూడోది చేత్తో పూసలు కుట్టిన గౌను, కొలతలకు చేయించుకునేది. నిలువెల్లా గాజు పూసలుంటే 5 కిలోలు దాటడం మామూలే, గొట్టం పూసలు ఎక్కువైతే ఇంకా బరువు. ఆర్డరు ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: పూసలు గొలుసు కుట్టుతో కుట్టారా, సూదితో ఒక్కొక్కటీ ముడివేసి కుట్టారా? మన ఆరీ సూది లాంటి కొక్కెంతో వేసే గొలుసు కుట్టు వేగంగా సాగుతుంది, చూడ్డానికి వరస తప్పదు. కానీ ఒక్కచోట దారం తెగి కొస దొరికితే వరసంతా జారిపోతుంది. పాట మధ్యలో వేదిక మీద పూసలు దొర్లితే మెరుపు పోవడమొక్కటే కాదు, మడమల కింద పడి కాలు జారుతుంది. గొలుసు కుట్టు గౌనే తీసుకుంటే లోపలి వైపు ప్రతి వరస చివరా రెండు ముళ్లు వేయించాలి. తెగిన దారాన్ని అప్పటికప్పుడు లాగకూడదు. వెనక నుంచి చిన్న టేపు ముక్క అంటించి ఆపి, తర్వాత ముడివేయాలి.

సైజు సరిచేయడంలోనే ఎక్కువ గౌన్లు పాడవుతాయి. పూసల మీదుగా మిషన్ నడిపితే సూది విరుగుతుంది, గాజు పగిలి పదునైన ముక్కలు దారాన్నే కోస్తాయి. పద్ధతి ఇది: కొత్త కుట్టు పడే గీతకు అటూ ఇటూ సుమారు 1.5 సెంటీమీటర్ల మేర పూసల్ని చిన్న పటకారుతో నలిపి తీసేయాలి. పగలాల్సింది పూస, తెగకూడనిది దారం. కళ్లకు అద్దాలు తప్పనిసరి. తర్వాత కుట్టు వేసి, బోసిపోయిన గీత మీద 10 లేదా 12 నంబరు పూసల సూదితో మళ్లీ పూసలు నింపాలి. ఒక గౌనును రెండు పక్కలా బిగించడానికి ఒక రోజు పని పడుతుంది. అందుకే దర్జీ 'గంటలో ఇచ్చేస్తా' అన్నాడంటే గౌను వెనక్కి తీసుకోవడం మేలు. అమ్మే దుకాణం సరిపడా విడి పూసలు, చమ్కీలు చిన్న సంచిలో ఇస్తుందా అన్నదీ చూడాలి. ఏడాది తర్వాత అదే రంగు దొరకదు.

ముగ్గురికీ ఒకే గౌను అనే మాట కూడా భ్రమే. ఒకేలా కనబడాలంటే మూడూ వేరువేరుగా కుట్టాలి. పొట్టిగా ఉన్న గాయని మీద నడుము గీత కిందికి జారితే వరసలో ఆమె మరీ పొట్టిగా కనిపిస్తుంది. అంచును నడుము నుంచి కొలవకూడదు. వేదిక మీద వేసుకునే చెప్పులతో ముగ్గురినీ వరసగా నిలబెట్టి, నేల నుంచి పైకి కొలవాలి. ముందువైపు 3 సెంటీమీటర్లు వదిలితే అడుగులో అంచు చిక్కదు. అంచు చుట్టుకొలత 110 సెంటీమీటర్లకు తగ్గి, చీలిక కూడా లేకపోతే అడుగు మూరెడు పడదు. వెనక మోకాలి దాకా చీలిక ఉండాలి. చీలిక మొన దగ్గర లోపల చిన్న పట్టీ వేసి బలపరచకపోతే మూడో ప్రదర్శనకు అది పైకి పాకుతుంది.

ఇంకొకటి, పళ్లెంలా చదునుగా ఉండే పెద్ద చమ్కీల గౌన్లు. వెనకపాట పాడే ఇద్దరూ ఒకే మైకు ముందు పక్కపక్కన నిలబడితే ఒకరి చమ్కీ ఇంకొకరి దానికి చిక్కుతుంది. పక్క కుట్టు నుంచి అరచెయ్యి వెడల్పున చిన్న చమ్కీలే ఉండేలా చూసుకుంటే గొడవ లేదు.

1968 నాటి 'లవ్ చైల్డ్' వేషం వీటన్నిటికీ ఎదురుదెబ్బ లాంటిది. పేదపిల్ల కథ చెప్పే ఆ పాటను ఆ సెప్టెంబరులో సల్లివాన్ షోలో పాడినప్పుడు గౌన్లు లేవు. వీధి బట్టలు, డయానా రాస్ ఒంటి మీద స్వెట్‌షర్టు, కాళ్లకు చెప్పుల్లేవు. రెడీమేడ్ సెట్లలో దీన్ని దాదాపు ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా స్వెట్‌షర్టు మీద మెరుపు అక్షరాలు అచ్చువేసి ఇస్తారు. అక్షరాలు మెరిస్తే వేషం చచ్చినట్టే. దీనికి సెట్టు కొనడం దండగ. మందపాటి కాటన్ స్వెట్‌షర్టు, కత్తిరించిన జీన్స్ చాలు. చిక్కల్లా వేగంతోనే: చమ్కీ గౌను విప్పి ఇది తొడుక్కోవడానికి ఒక పాట వాయించేంత సమయమే ఉంటుంది. గౌను వెనక జిప్‌కు చిన్న రిబ్బను తగిలించి, విగ్గు మీద నుంచి వచ్చేలా స్వెట్‌షర్టు మెడను వెడల్పు చేయించాలి. కాళ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి ముందు పాటలో రాలిన పూసలు ఊడ్చే మనిషి కూడా పక్కన ఉండాలి.

సెట్టుతో ఉచితంగా వచ్చే విగ్గుల గురించి ఒక్క మాట: వద్దు. అట్ట మీది విగ్గు తల వెనక పొంగు లేకుండా చప్పగా ఉంటుంది. మామూలు సింథటిక్ వెంట్రుకకు వేడి పనిముట్టు తగిలితే కరుగుతుంది కాబట్టి తర్వాత ఆకారం కూడా ఇవ్వలేరు. వేడి తట్టుకునే రకం విడిగా కొనుక్కోవడమే మంచిది. 1970 జనవరిలో డయానా రాస్ వెళ్లి జీన్ టెరెల్ వచ్చిన తర్వాతి రూపాలకు రెడీమేడ్ సెట్లు కనబడడం అరుదు, అవి చేయించుకోవాల్సిందే.

చివరికి తేల్చేది. 1964-65 పాటలకే పరిమితమయ్యే బృందమైతే శాటిన్ రకం కొని లైనింగ్ వేయించండి. నెలకు రెండు మూడు ప్రదర్శనలిచ్చేవాళ్లకు సాగే జాలీ రకం, నడుము పట్టీతో. చేతిపని గౌను అందంలో సాటిలేనిదే, కానీ మరమ్మతు చేసే మనిషి బృందంతో లేకపోతే అది గుదిబండ. ఏది కొన్నా ప్రదర్శన కాగానే లోపలి వైపు తిప్పి, నీళ్లు కలిపిన వోడ్కా చల్లి, గాలికి ఆరబెట్టాలి. వాసన పోతుంది, మరక పడదు. అయినా ముందు కనిపించని చోట ఒకసారి పరీక్షించాలి. డ్రై క్లీనింగ్‌కు ఇస్తే కొన్ని చమ్కీల రంగు ద్రావకంతో పాటే వెళ్లిపోతుంది, అందుకే ముందు ఒక విడి చమ్కీని ఇచ్చి చూడాలి. పూసల గౌనును హ్యాంగరుకు తగిలించకూడదు. సొంత బరువుకే భుజాలు సాగి అంచు నేలకు దిగుతుంది. పెట్టెలో పడుకోబెట్టి, మడత పడే ప్రతిచోటా ఆమ్లం లేని టిష్యూ కాగితాన్ని మెత్తటి చుట్టగా చుట్టి పెట్టాలి. ఆర్నెల్లకోసారి మడత చోటు మార్చాలి.