ఇసుక, వల బల్ల, సోలార్ టెంట్: తొమ్మిదేళ్ళు చేపలు ఎండబెట్టాక నా మాట

ముందే చెప్పేస్తా, నెత్తళ్ళకి వల బల్లని మించింది నేనింకా చూళ్ళేదు. మిగతా చేపలకి లెక్క వేరు.

ఉప్పాడ వైపు కోడలిగా వచ్చినప్పుడు మా అత్త ఇసుకలోనే ఆరబోసేది. పైసా ఖర్చు లేదు, కింద నుంచి కూడా వేడి తగుల్తుంది కాబట్టి తొందరగానే ఎండేవి, అది ఒప్పుకోవాలి. కానీ షావుకారు వచ్చి నాలుగు నెత్తళ్ళు నోట్లో వేసుకుని నమిలేవాడు, పంటి కింద ఇసుక కర్రుమంటే చాలు రేటు కోసేసేవాడు. కాకులు, కుక్కలు సరేసరి, పిల్లల్ని కర్రిచ్చి కూర్చోబెట్టాల్సిందే. ఇప్పుడైతే సముద్రం కోసుకుంటా కోసుకుంటా వచ్చేసి మా దగ్గర ఆరబోసుకునే ఇసుకే కరువైంది.

వల బల్ల అంటే పెద్దగా ఏం లేదు, సరుగుడు గుంజలు నడుం ఎత్తున పాతి, మీద వెదురు కట్టి, పాత వల బిగించడమే. పొద్దున్న ఏడింటికి పరిచి మధ్యాహ్నం ఒకసారి తిరగేస్తే, మంచి ఎండలో మర్నాడు మధ్యాహ్నానికి అయిపోతాయి. విరిస్తే పుటుక్కున విరగాలి, వంగిందంటే లోపల తడున్నట్టే. నాకు నాలుగు కిలోల పచ్చివి ఎండితే కిలో చిల్లర వస్తాయి. అన్నిటికంటే సుఖం, నడుం వంచక్కర్లేదు. మొదటి ఏడాది పెద్ద కన్నున్న వల వేసి సగం నెత్తళ్ళు కిందకి రాల్చుకున్నా, ఆ తప్పు మీరు చెయ్యకండి. కవళ్ళకి (సార్డిన్ చేపలు) మాత్రం వేరే వల పెట్టుకోండి, నూనె కారి వలంతా జిడ్డైపోద్ది. అసలు కవళ్ళు ఎలా ఎండబెట్టినా నాకు నిలవ ఉండలేదు, నెల తిరక్కుండానే పసుపెక్కి కమురు వాసన వచ్చేస్తాయి.

సోలార్ టెంట్ ఎందుకు కొన్నానంటే, మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లకి వేట బంద్, అంటే ఎండ మండిపోయేటప్పుడు చేపుండదు, చేపొచ్చేసరికి వానలు మొదలు. కింద నల్ల షీటు, పైన ఎండ లోపలికి దిగేలా అద్దంలా కనపడే షీటు, అంతే. వేడెక్కువైతే తొందరగా ఎండుతాయి కదా అని మొదటిసారి గాలి కన్నాలన్నీ మూసేశా, లోపల ఆవిరి చుక్కలు కట్టి మళ్ళీ చేపల మీదే కారింది, సగం ఉడికిపోయి పట్టుకుంటే పొడి పొడి అయిపోయాయి. కింద ఒక కన్నం, పైన ఒక కన్నం తెరిచాక దారికొచ్చింది. ఈగ దూరదు, పురుగు పట్టదు, చినుకు పడితే తట్టలు ఎత్తుకుని పరిగెత్తక్కర్లేదు. ముసురు పట్టిందంటే మాత్రం అదీ చేతులెత్తేస్తుంది. మామూలు షీటు ఒక్క సీజనుకే చిరిగింది, ఎండకి తట్టుకునే యూవీ షీటు మూడో ఏడు నడుస్తోంది. కొందరు ఈగలకి మందు పొడి చల్లుతారు చూడండి, ఆ చేప ఊరికే ఇచ్చినా నేను ముట్టను.

సొర, కానాగంతలు (మాకరెల్ చేపలు) లాంటివాటికి ఎక్కడ ఎండబెట్టామన్నదాని కంటే ఉప్పే ముఖ్యం. పేగులు తీసి, చీల్చి, నాలుగు కిలోలకి కిలో ఉప్పు చొప్పున పొరలు పొరలుగా వేసి రాత్రంతా తొట్టిలో ఉంచి, కడిగి మూడ్రోజులు ఎండలో. ఒకసారి వాడిన ఉప్పే మళ్ళీ వాడా, చేపల మీద ఎర్ర మచ్చలు తేలాయి, తొట్టి మొత్తం పారబోశా. ఆ ఎరుపు ఉప్పులోంచే వస్తుందని తర్వాత తెలిసింది.

కరెంటు డీహైడ్రేటర్ గురించి అడిగేవాళ్ళకి: కూకట్‌పల్లిలో మా చెల్లి కొంది. ఎండడం బాగానే ఎండాయి గానీ విడతకి రెండు కిలోలు పట్టడమే గగనం, పైగా వాసన లిఫ్టు దాకా వెళ్ళి పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు కొట్టారంట. ఇప్పుడు సంక్రాంతికి వచ్చి మా బల్ల మీదవే డబ్బా నిండా పట్టుకెళ్తుంది, ఆ మెషీన్లో మామిడి తాండ్ర చేసుకుంటోంది.