బ్లౌజులు కుట్టే నేను షుగర్ మిషన్ కొన్నాను: నాలుగు నెలల వాడకం

తెనాలిలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. వయసు 46. మే నెలలో మందుల షాపులో 950 రూపాయలు పెట్టి షుగర్ మిషన్ కొన్నాను. కంపెనీ పేరు రాయను. నా చిరాకు కొంత మిషన్ మీద, కొంత నా మీద.

కొనాల్సి వచ్చింది ఒక బ్లౌజు వల్ల. ఉగాదికి నాకోసం కుట్టుకున్నది మే నెలకే వదులైపోయింది. టేపు పెడితే నడుం రెండంగుళాలు తగ్గింది. వాకింగ్ లేదు, తిండి తగ్గించిందీ లేదు. సన్నబడ్డానని మురిసిపోయాను కూడా. రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకి లేస్తున్నా, ఎంత తాగినా దాహం తీరకపోయినా ఎండల వల్లే అనుకున్నా. సూదిలో దారం ఎక్కకపోతే చత్వారం అనుకున్నా.

ఇవన్నీ ఫోన్లో విని మా అమ్మాయి, "అమ్మమ్మకి షుగర్ ఉంది. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు నీకూ వచ్చింది కదమ్మా" అంది. నిజమే. కాన్పు కాగానే పోయింది. మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, ఏటా చూపించుకోమన్నారు. పదిహేడేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. రోజంతా కుట్టుమిషన్ ముందు కూర్చునే పని, నడుం చుట్టూ పెరిగిన కొవ్వు దానికి తోడయ్యాయి.

మొదటిసారి బంగినపల్లి తిన్న చేత్తోనే పొడుచుకున్నాను. 312! కాళ్లు చల్లబడ్డాయి. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని మళ్లీ చూస్తే 241. వేలికున్న మామిడి రసాన్ని కూడా మిషన్ లెక్కేసింది. అలాగని 241 తక్కువేం కాదు. ఇలాంటి లక్షణాలున్నప్పుడు ఏ వేళ చూసినా 200 దాటితే అది షుగరేనట.

మర్నాడు పరగడుపున మిషన్‌లో 181, ల్యాబులో 168. మోసపోయానని షాపుకి వెళ్లబోయాను. డాక్టరుగారు ఆపారు. ఇంటి మిషన్లకి నూటికి పదిహేను దాకా అటూఇటూ ఉండొచ్చట. జబ్బు ఉందో లేదో తేల్చాల్సింది ల్యాబు రక్తపరీక్షేనని, పరగడుపున 126, మూడు నెలల షుగర్ 6.5 హద్దులని చెప్పారు. నాకు 8.9 వచ్చింది. ఎర్రకణాలు దాదాపు నాలుగు నెలలు బతుకుతాయి కాబట్టి వాటికి అంటుకున్న చక్కెరని బట్టి వెనకటి నెలల లెక్క తెలుస్తుందట. రక్తం తక్కువున్నవాళ్లకి ఆ లెక్క తప్పొచ్చని హిమోగ్లోబిన్ కూడా చూశారు.

ఇక మిషన్ సంగతి. ఐదు సెకన్లలో అంకె వస్తుంది, అక్షరాలు పెద్దవి. చిన్న చుక్క చాలు. వేలి కొసన కాకుండా పక్కన పొడుచుకుంటే నొప్పి తక్కువ, హుక్కులు కుట్టేటప్పుడూ సలపదు. పట్టు బ్లౌజు చేతిలో ఉండగా మాత్రం చెయ్యను. ఎవరి పెళ్లి చీరకో నా రక్తం మరకెందుకు?

బాగోలేనిది స్ట్రిప్స్ (రక్తపు చుక్క అంటించి మిషన్‌లో పెట్టే పట్టీలు) వ్యవహారం. మిషన్‌తో 25 ఇచ్చి, సూదులు మాత్రం 10 ఇచ్చారు. ఇదేం లెక్కో! తర్వాత 50 స్ట్రిప్స్ డబ్బా 900, దాదాపు మిషన్ ధరే. మూత తీశాక మూడు నెలల్లో వాడేయాలని చీమ తలకాయంత ఇంగ్లిషులో ఉంది, తెలుగు ముక్క లేదు. జులై వానల్లో రాత్రంతా మూత తెరిచి వదిలేశాను. మర్నాడు ఒక్కటీ పనిచేయలేదు, మిషన్ తప్పు చూపిస్తూనే ఉంది. పన్నెండు స్ట్రిప్స్ చెత్తబుట్టలో వేశాను.

ఐదుకి మూడున్నర ఇస్తాను. మాత్రలు మొదలయ్యాక ఇప్పుడు పరగడుపున 120 దగ్గర ఉంటోంది. సూదిలో దారం మళ్లీ ఎక్కుతోంది. బ్లౌజులకని వచ్చినవాళ్లు "అక్కా, నాక్కూడా ఒకసారి చూడవా" అంటారు. సూది మార్చినా సరే, పొడిచే పెన్ను ఇంకొకరికి వాడకూడదని చెప్పి ల్యాబుకి దారి చూపిస్తాను. ఇద్దరు అలిగారు కూడా.