కాపీరైట్ ఫిర్యాదు వస్తే: వెంటనే తీసేయాలా, ముందు అడగాలా, 21 రోజులు ఆపాలా?

హనుమకొండలో మేం నడిపే జానపద పాటల యాప్‌లో ఉన్నవన్నీ జనం పంపిన పాటలే. కరీంనగర్, ములుగు వైపు ఇలాంటివి నడిపేవాళ్లు బతుకమ్మ పండుగ దగ్గరపడిందంటే చాలు, ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "అన్నా, కాపీరైట్ కంప్లైంట్ వచ్చింది. వెంటనే తీసెయ్యాల్నా, పంపినోళ్లను అడగాల్నా?"

వెంటనే తీసేస్తే టెన్షన్ ఉండదు. ఎవరో సినిమా పాటను ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టారంటే అదే సరైన పని. మేమూ రెండేళ్లు అన్నిటికీ అలాగే చేశాం.

నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాట పంపింది. ఫోన్‌లో రికార్డు చేసింది. చప్పట్లు వినిపిస్తాయి, మధ్యలో కోడి కూస్తుంది, చివర్లో ఆ పెద్దమ్మ ఊపిరందక కాసేపు ఆగి మళ్లీ అందుకుంటుంది. అదే పాటకు మ్యూజిక్ పెట్టి విడుదల చేసిన ఒక ఛానెల్ నుంచి మూడు లైన్ల మెయిల్ వచ్చింది, "ఇది మా పాట, తీసేయండి" అని. లింకు లేదు, హక్కు చూపే కాగితం లేదు. నేను సర్వర్‌లోంచే డిలీట్ చేశాను. నెల తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, అమ్మమ్మ పోయింది. నా ఫోన్ కూడా ఖరాబైంది. పాట మీ దగ్గరుంటది గదా?"

లేదు. ఆ ఒక్క ఫోన్‌తో నా అభిప్రాయం మారిపోయింది. తరతరాలుగా పాడుకుంటున్న పాట మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. ఛానెల్ హక్కు అది చేసిన రికార్డింగ్ వరకే. అమ్మాయి రికార్డింగ్ అమ్మాయిది, పాడినందుకు అమ్మమ్మకు ఉండే హక్కు అమ్మమ్మది. ఫిర్యాదు వీటిలో దేని గురించో నేను అడగనే లేదు.

మరి పంపినవాళ్లను అడిగి, జవాబు వచ్చేదాకా ఆగితే? వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ నాట్ల రోజుల్లో వారమైనా మెసేజ్ చూసుకోరు. 2013 కాపీరైట్ రూల్స్‌లో 75వ రూల్ మనకిచ్చే టైమ్ 36 గంటలు. కొందరు "కోర్టు ఆర్డర్ తెస్తేనే తీస్తాం" అంటారు. కాపీరైట్ విషయంలో అది నడవదు. ఏ పాటో, ఎక్కడుందో కచ్చితంగా చూపిస్తూ నోటీసు వస్తే చాలని మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటు కేసులో 2016లోనే ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

నా ఓటు మూడోదానికే, అంటే 21 రోజులు ఆపి ఉంచడానికే. అదే 75వ రూల్ ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి. ఏ రచన, తనకు హక్కు ఎలా వచ్చింది, మన దగ్గర ఏ లింకులో ఉంది, అది చట్టం మినహాయించిన వాడకం ఎందుకు కాదు, ఇవన్నీ చెప్పాలి. కోర్టుకు వెళ్లి 21 రోజుల్లో ఆర్డర్ తెస్తానని హామీ కూడా ఇవ్వాలి. అది సరిగ్గా ఉందనిపిస్తే 36 గంటల్లోపు పాటను ఆపి, ఎందుకు ఆపామో అక్కడే రాసిపెట్టాలి. 21 రోజుల్లో ఆర్డర్ రాకపోతే తిరిగి పెట్టుకోవచ్చు.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆ "తిరిగి" అన్న మాటే. ఆపిన పాట మళ్లీ వస్తుంది, చెరిపేసిన పాట రాదు. నిజమైన హక్కుదారుకూ ఇందులో నష్టం లేదు, ఆయన అడిగింది 36 గంటల్లో జరిగిపోతుంది. ఉత్త బెదిరింపు అయితే హామీ రాయమన్నప్పుడే తేలిపోతుంది.

ప్రతి పాటనూ ముందే విని, ఏరి పెట్టడం ఇంకో దారి. చిన్నవాళ్లం మోయలేం. పైగా మనమే ఏరితే మధ్యవర్తికి, అంటే జనం పంపినవాటిని చూపించే మనలాంటి యాప్‌కు, ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ బలహీనపడుతుంది. యూట్యూబ్‌లో ఛానెల్ నడిపేవాళ్లకు దాని పద్ధతి వేరు: 90 రోజుల్లో మూడు స్ట్రైకులు (కాపీరైట్ హెచ్చరికలు) పడితే ఛానెల్‌కే ముప్పు, కాబట్టి పాట మీదేనన్న నమ్మకముంటే కౌంటర్ నోటిఫికేషన్ (ఫిర్యాదు తప్పని చెప్పే జవాబు) పంపండి.

ఇప్పుడు ఫిర్యాదు రాగానే పాట ఫైలును వేరే హార్డ్ డిస్క్‌లోకి తీసిపెట్టి, పంపినవాళ్లకు అదే రోజు ఫోన్ చేస్తున్నాం. పరకాల నుంచి వచ్చిన ఒగ్గు కథ ఒకటి ఇలాగే ఆపి ఉంచాం. ఇవాళ పదకొండో రోజు. కోర్టు కాగితం రాకపోతే 22వ రోజు పొద్దున మళ్లీ పెడతామని పంపినాయనకు చెప్పాను.