అక్రోపొరాను తినే చదును పురుగులపై డిప్ ద్రావణం: మూడేళ్ల వాడకం తర్వాత

మొక్కల నూనెలతో తయారైన ఒక డిప్ ద్రావణాన్ని నేను మూడేళ్లుగా వాడుతున్నాను. అక్రోపొరా అనే కొమ్మల పగడాన్ని రీఫ్ తొట్టిలోంచి (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) తీసి, ఈ మందు కలిపిన ఉప్పునీటిలో కొన్ని నిమిషాలు ముంచితే, దాన్ని పట్టుకుని ఉన్న చదును పురుగులు రాలిపోవాలి. రాలిపోతాయి కూడా, ఆ పనిలో ఈ మందు నన్ను ఒక్కసారీ నిరాశపరచలేదు. అయినా నా తొట్టి నుంచి ఆ పురుగును వెళ్లగొట్టడానికి ఏడు నెలలు పట్టింది. అందులో మందు తప్పు తక్కువ, నా తొందరపాటు ఎక్కువ.

మొదట నేను దీన్ని పురుగు అనుకోనేలేదు. ఒక నీలి అక్రోపొరా రంగు వెలిసిపోయి, పాలిప్‌లు (పగడం మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవులు) ముడుచుకుపోతుంటే నీటి క్షారత హెచ్చుతగ్గుల వల్లనో, దీపాల తీవ్రత వల్లనో అయి ఉంటుందని రెండు నెలలు వాటి చుట్టూనే తిరిగాను. చివరకు భూతద్దంతో చూసినప్పుడు కొమ్మల అడుగుభాగాన, నీటి ప్రవాహం సరిగా తగలని చోట, గుండ్రటి తెల్ల మచ్చలు గుంపులుగా కనిపించాయి. అవి కాటు గుర్తులు. కాటు కనిపించింది కానీ పురుగు కనిపించలేదు, ఎందుకంటే అది పగడం కణజాలాన్ని దానిలో ఉండే జూక్సాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలతో సహా మింగి, ఆ రంగునే తన పలుచని ఒంట్లో నింపుకుంటుంది. అక్వేరియం పెంపకందార్లకు ఎంతో ముందు నుంచే తెలిసిన ఈ జీవికి శాస్త్రీయ నామం 2011లో గానీ రాలేదు: అప్పుడు అమకుసప్లానా అక్రోపొరే అన్నారు, తర్వాత ప్రోస్థియోస్టోమమ్ అనే ప్రజాతిలోకి మార్చారు. పేరుకు తగ్గట్టే దాని గురి అక్రోపొరా మీదనే. పక్కనే ఉన్న నా మాంటిపోరా పగడాల జోలికి అది పోలేదు.

ఇక డిప్ సంగతి. తొట్టి నీటినే ఒక పాత్రలోకి తీసుకుని, మందును సీసా మీద రాసిన మోతాదులో కలిపి, చిన్న పంపు ఒకటి అందులో తిరుగుతూ ఉండగా పగడాన్ని ఉంచుతాను. మధ్యమధ్యలో రబ్బరు బుడ్డి ఉన్న గొట్టంతో కొమ్మల సందుల్లోకి నీటిని గట్టిగా కొడతాను. మందు పురుగు పట్టును సడలిస్తుందే గాని దాన్ని కింద పడేసేది ఎక్కువగా ఈ నీటి దెబ్బే అని నా అభిప్రాయం. గొట్టం వాడకుండా చేసిన రోజున పాత్ర అడుగున నాలుగే దొరికాయి, మర్నాడు అదే పగడాన్ని గొట్టంతో కొడితే ఇరవైకి పైగా రాలాయి. తర్వాత మంచి ఉప్పునీటిలో రెండుసార్లు కడిగి తిరిగి పెడతాను. డిప్ చేసిన నీటిని తొట్టిలోకి ఒక్క చుక్క కూడా పోనివ్వకూడదు.

అసలు చిక్కు గుడ్లతో. పగడం కింద, కణజాలం చచ్చిపోయి తేలిన సున్నపు అస్థిపంజరం మీద, తేనె రంగులో చిన్న చిన్న చుక్కలు పక్కపక్కనే అంటించినట్టు ఉంటాయి. వాటి గట్టి పెంకు లోపలికి నేను వాడిన ఏ డిప్పూ పోలేదు. పొదిగే కాలం నీటి వెచ్చదనాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఇన్ని రోజులకు ఒకసారి అని ఎవరో చెప్పిన లెక్కను గుడ్డిగా పట్టుకోవడం కుదరదు. నేను వారానికొకటి చొప్పున మూడు డిప్పులు చేసి, మూడోసారి ఒక్క పురుగూ రాలకపోయేసరికి పని అయిపోయిందనుకున్నాను. అయిదు వారాల తర్వాత మళ్లీ కాటు గుర్తులు కనిపించాయి. రాతికి అతుక్కుపోయి బయటికి తీయలేకపోయిన ఒక పెద్ద పగడాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. మిగతావన్నీ శుభ్రపడుతుంటే అదొక్కటే పురుగులకు విత్తనపు కొట్టుగా మిగిలింది. రెండో విడతలో దాన్ని రాతితో సహా పగలగొట్టి తీశాను, చిన్న కొమ్మలను వాటి పాత ప్లగ్‌ల (కొమ్మను అంటించే చిన్న దిమ్మెలు) నుంచి కోసి కొత్తవాటి మీద అంటించాను, చచ్చిన అస్థిపంజరం కనిపించిన ప్రతిచోటా గుడ్లను గీకి, గీకడం కుదరని చోట సూపర్ గ్లూ పూసి మూసేశాను. ఆపైన ఎనిమిది వారాలు, పురుగు రాలినా రాలకపోయినా, డిప్ మానలేదు.

అంతకుముందు ప్రయత్నించిన అయొడిన్ డిప్ గాయాలకు పనికొచ్చిందేమో గానీ ఈ పురుగును పెద్దగా కదిలించలేదు. ఇమిడాక్లోప్రిడ్ ఉన్న తోట పురుగుమందును కొందరు వాడతారు; రొయ్యలకూ పీతలకూ అది విషం కనుక నేను ముట్టుకోలేదు. ఆరు గీతల రాస్ చేప తొట్టిలో ఉంటే మంచిదే, ఎగిరిపడిన పురుగులను అది వెంటనే అందుకుంటుంది, కానీ కొమ్మల అడుగున నక్కినవాటిని వెతికి ఖాళీ చేస్తుందనుకుంటే మాత్రం పొరపాటు. రాళ్ల మీద తుప్పు రంగులో పరుచుకునే ఎర్ర చదును పురుగుల కథ పూర్తిగా వేరు: అవి పగడాన్ని తినవు, వెలుతురు అడ్డుకుంటాయంతే, వాటికి తొట్టిలోనే వేసే మందులున్నాయి.

ఈ ద్రావణం మీద నా ఫిర్యాదు ఒకటుంది. ప్రతి డిప్ తర్వాత పగడాలు రెండు మూడు రోజులు పాలిప్‌లు విప్పవు, ఎనిమిది వారాల విడత నడిచినన్నాళ్లూ ఎదుగుదల దాదాపు ఆగిపోయింది. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ మేలనుకుని ఒకసారి సీసా మీది సమయానికి రెట్టింపు ఉంచిన పలుచని కొమ్మల అక్రోపొరా ఒకటి మర్నాటికి మొదలు నుంచి పైకి కణజాలం ఊడిపోయి చచ్చింది. అది నా చేజేతులా చేసుకున్నదే.

గత ఏడాదిన్నరగా తొట్టిలో కాటు గుర్తు కనిపించలేదు. సీసా ఇప్పుడు కొత్త పగడాలను విడిగా ఉంచే క్వారంటైన్ తొట్టి పక్కన ఉంటోంది. పోయిన నెల వచ్చిన కొత్త కొమ్మ పైకి చక్కగా ఉంది, డిప్‌లో ఒక్క పురుగూ రాలలేదు. ప్లగ్ నుంచి కోసి తిరగేస్తే అడుగున తేనె రంగు చుక్కలు పదకొండు ఉన్నాయి.