యూత్ హాస్టల్స్ వాళ్ల సార్ పాస్ ట్రెక్: నలభై దాటినవాళ్ల కోసం ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఇరవై ఏళ్ల కుర్రాళ్ల కోసం కాదు, వాళ్లకి ఇన్‌స్టాలో కావాల్సినన్ని వీడియోలున్నాయి. ఇల్లు, ఆఫీసు, పిల్లల ఫీజులు, అత్తగారి బీపీ మాత్రలు అన్నీ బుర్రలో పెట్టుకుని తిరుగుతూ, రాత్రి పదకొండింటికి ఫోన్లో "ట్రెక్కింగ్ మనవల్ల అవుతుందా" అని వెతికేవాళ్ల కోసం. అవుతుంది. నేనూ మా తోడికోడలూ వెళ్లొచ్చాం. ఇద్దరికీ నలభై దాటాయి, అంతకుముందు ఇద్దరం ఎక్కిన కొండ ఏదన్నా ఉందంటే అది తిరుమలే.

సార్ పాస్ అంటే హిమాచల్ కొండల్లో మంచుండే ఒక కనుమ, ఒక వైపు ఎక్కి అవతలి వైపు దిగడమే ఈ ట్రెక్. నడిపేది యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, అందరూ వైహెచ్‌ఏఐ అంటారు. వేసవిలో హిమాచల్‌లోని కసోల్ దగ్గర, పార్వతి నది ఒడ్డున బేస్ క్యాంపు పెట్టి బ్యాచ్ తర్వాత బ్యాచ్‌ని పైకి పంపుతుంటారు. లాభం కోసం నడిపే సంస్థ కాదు కాబట్టి ప్రైవేటు కంపెనీల ప్యాకేజీలతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. మెంబర్‌షిప్ తీసుకోవాలి, డాక్టర్ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. రక్‌సాక్ (వీపుకి తగిలించుకునే పెద్ద సంచి), స్లీపింగ్ బ్యాగు, దుప్పట్లు వాళ్లే ఇస్తారు. కంచం, గ్లాసు, టిఫిన్ బాక్సు మాత్రం మనవే, కడుక్కోవడం కూడా మనమే, ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే రెండు నిమిషాలకి వేళ్లు ఉన్నాయో లేవో తెలీదు. క్యాంపు లీడర్లు చాలామంది జీతం లేని వాలంటీర్లు, సొంత సెలవులు పెట్టుకుని వచ్చి కొండ మీద జనానికి పప్పు వడ్డిస్తుంటారు. నాకు ఈ ట్రెక్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే అనుకుంటా.

ఎత్తు గురించి భయపడేవాళ్లకి ఒక లెక్క. మన తూర్పు కనుమల్లో పెద్ద శిఖరాల్లో ఒకటైన అర్మకొండ 1,680 మీటర్లు. కసోల్ ఊరే దాదాపు ఆ ఎత్తులో ఉంటుంది, అంటే మన కొండలు అయిపోయిన చోట వీళ్ల కొండ మొదలవుతుంది. సార్ పాస్ 13,800 అడుగులు, 4,200 మీటర్ల పైమాటే. అయితే ఒకేసారి ఎక్కించరు. బేస్ క్యాంపులో మొదట పక్క కొండ మీదికి నడక, తర్వాత తాడు పట్టుకుని బండ దిగే ప్రాక్టీసు, ఆ తర్వాతే పైకి. ఒంటికి పల్చటి గాలి అలవాటవ్వాలంటే ఇలా కొంచెం కొంచెంగా ఎక్కడమే మార్గం. నీళ్లు బాగా తాగాలి, ఎవరితోనూ పోటీ పడకూడదు, తలనొప్పి వస్తే దాచిపెట్టకుండా లీడర్‌కి చెప్పాలి. బీపీ, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లు సంతకం కోసం కాకుండా నిజంగా డాక్టర్‌ని అడిగి బయల్దేరండి.

ఇప్పుడు అసలు విషయం. "ప్రకృతి ఒడిలో మనశ్శాంతి" అని అందరూ రాస్తారు, నాకు ఆ మాట అంటే మంట. మొదట్లో ప్రకృతి కనపడనే లేదు, ముందు నడిచేవాళ్ల బూటు మడమలు తప్ప. గ్రహణ్ ఊరి దాకా వాగు పక్కనే దారి, దేవదారు చెట్లు, చెక్క ఇళ్లు, అన్నీ ఫొటోల్లోలాగే ఉంటాయి. కానీ నాకు హాయిగా అనిపించింది ఆ చెట్ల వల్ల కాదు. పొద్దున్నే ఎవరో విజిల్ ఊది లేపుతారు, టీ అని పిలుస్తారు, తినమంటే తినాలి, నడవమంటే నడవాలి, రాత్రి బోర్న్‌విటా ఇచ్చి పడుకోమంటారు. ఇంట్లో కూర ఏం చెయ్యాలన్న దగ్గర్నుంచి గ్యాస్ బుకింగ్ దాకా నేనే నిర్ణయించాలి, అక్కడ నేను నిర్ణయించాల్సింది తర్వాతి అడుగు ఎక్కడ వెయ్యాలన్నది ఒక్కటే. పైకి వెళ్లేకొద్దీ సిగ్నల్ కూడా ఉండదు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేరు కూడా. బుర్రలో ఎప్పుడూ తిరుగుతూ ఉండే ఆ జాబితా ఎప్పుడు ఆగిపోయిందో కూడా నాకు తెలీదు.

ఇంకోటి, అక్కడ ఒకరి నడక ఇంకొకరు నడవలేరు. ఇంట్లో అందరి పనీ నెత్తిన వేసుకునే అలవాటు నాది. నిట్టనిలువు ఎక్కుడులో మా తోడికోడలు వెనకబడుతుంటే బ్యాగు ఇలా ఇవ్వు అన్నా. "అక్కా, నువ్వు పద, నేను నా స్పీడులో వస్తా" అంది. కాస్త కోపం వచ్చిన మాట నిజమే, కానీ మధ్యాహ్నానికి దాని బ్యాగుతోనే అది క్యాంపుకి వచ్చింది, ఆ మొహం చూడాలి మీరు! పెళ్లయిన ఇన్నేళ్లలో దాన్ని అంత దర్జాగా ఎప్పుడూ చూడలేదు.

పాస్ దాటే రోజు చీకటితోనే బయల్దేరదీస్తారు, ఎండెక్కితే మంచు మెత్తబడి కాళ్లు కూరుకుపోతాయని. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి, మంచు మీద పడి తిరిగొచ్చే ఎండ కళ్లనీ ముక్కునీ కాల్చేస్తుంది. అవతలి వైపు దిగడం మాత్రం నడక కాదు, కూర్చుని జారడమే. రిటైరైన బ్యాంకు మేనేజర్లు, లెక్చరర్లు కేకలు పెట్టుకుంటూ జారుకుంటూ వెళ్లారు.

తిండి పూర్తిగా శాకాహారం, ఉత్తరాది పద్ధతి: రాజ్మా, పూరీ, దలియా అనే గోధుమరవ్వ జావ, సాయంత్రం సూపు. వేడిగా, కడుపునిండా పెడతారు, వంక పెట్టడానికి లేదు. అయినా మన నాలుక మనది కదా, కరివేపాకు పొడి తీసుకెళ్లండి. ఆవకాయ వద్దు, నూనె కారి బట్టలన్నీ పాడవుతాయి, పైగా సీసా మూత తీశామంటే టెంటు టెంటంతా చుట్టాలైపోతారు. దారిలో స్థానికులు చిన్న డేరాలు వేసుకుని మ్యాగీ, ఆమ్లెట్ అమ్ముతుంటారు.

ఎవరికి పడదంటే, వేడినీళ్ల స్నానం లేనిదే నిద్ర పట్టనివాళ్లకి. పై క్యాంపుల్లో టాయిలెట్ అంటే గొయ్యి, చుట్టూ గుడ్డ. ఆడవాళ్లకి, మగవాళ్లకి టెంట్లు వేరే, ఒక్కో టెంటులో చాలామంది సర్దుకోవాలి, గురక గ్యారంటీ. మందు, సిగరెట్ బంద్. రాత్రి క్యాంప్‌ఫైర్ అంటారు గానీ మంట ఉండదు, చుట్టూ కూర్చుని పాటలు పాడుకోవడమే. ఇవన్నీ లోపాలని నేను అనను, ఆ ఖర్చులో ఆ కొండ మీద ఇంతకన్నా ఏం చెయ్యగలరు? కానీ హనీమూన్ లాంటిది ఊహించుకుని వెళ్తే మాత్రం ఏడుస్తారు.

బయల్దేరేముందు రెండు నెలలు రోజూ నడవండి, మెట్లు ఎక్కండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఆగి ఆగైనా ఎక్కి, మర్నాడు మామూలుగా తిరగగలిగితే చాలావరకు రెడీ అయినట్టే. బూట్లు కనీసం నెల ముందు కొని వాడండి. అటక మీద ఏళ్ల తరబడి పడున్నవి తెస్తే జిగురు ఎండిపోయి సగం దారిలో అట్టలు ఊడతాయి, మా బ్యాచ్‌లో ఒకాయన తాడుతో కట్టుకుని నడిచాడు. ఢిల్లీ నుంచి బస్సు ఎక్కేటప్పుడు కసోల్ దాకా వెళ్తుందా అని రెండుసార్లు అడగండి. మమ్మల్ని ఎక్కించుకున్న ప్రైవేటు బస్సు, పేరు వద్దులెండి, భుంతర్‌లోనే దింపేసింది, అక్కణ్నుంచి ఇంకా 30 కిలోమీటర్ల పైనే. లోకల్ బస్సు దొరికింది, కిటికీ సీటు మాత్రం దొరకలేదు. తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఎక్కువ పెట్టుకుంటే నాలుగు కిలోమీటర్ల దూరంలో మణికరణ్ ఉంది, అక్కడ వేడినీటి బుగ్గల్లో ఒళ్లు నొప్పులు తీరేదాకా కూర్చోవచ్చు. వచ్చే ఏడు మా తోడికోడలు వాళ్ల ఆయన్ని తీసుకెళ్తానంటోంది, ఆయన ఇంకా మెట్లు ఎక్కకుండా లిఫ్టు దగ్గరే ఉన్నాడు.