గ్రీస్ గ్రూప్ టూర్ కొనేవాళ్లకు హెచ్చరిక: ప్రవేశం, వేళ, గైడు కాగితం మీద లేకుండా అడ్వాన్స్ కట్టకండి

ప్రాచీన గ్రీస్ చూపిస్తామని అమ్ముతున్న గ్రూప్ టూర్లలో ఎక్కువమంది దెబ్బతింటున్నది ఒకేచోట. బ్రోషర్ అట్ట మీద ఏథెన్స్‌లోని అక్రోపొలిస్ కొండపై ఉన్న ప్రాచీన ఆలయం పార్థెనాన్ ఫోటో ఉంటుంది. లోపలి పేజీలో మాత్రం ‘ఏథెన్స్ పనోరమిక్ సిటీ టూర్, అక్రోపొలిస్ ఫోటో స్టాప్’ అని ఉంటుంది. తీరా అక్కడికి వెళ్లాక బస్సు కొండ కింద ఇరవై నిమిషాలు ఆగుతుంది, ఫోటోలు తీసుకుని ఎక్కమంటారు. లక్షలు పోసి అంతదూరం వెళ్లినవాళ్లు అక్రోపొలిస్ గేటు దాటకుండానే తిరిగొస్తున్నారు. గొడవపడితే టూర్ మేనేజర్ చూపించేది మీరు సంతకం పెట్టిన ఐటినరరీనే, అంటే ఏ రోజు ఏం చూపిస్తారో రాసిన కాగితాన్నే. అందులో లేనిది ఆయన ఇవ్వడు.

అందుకే డబ్బు కట్టకముందే ఆ కాగితాన్ని ఒక్కో స్థలం దగ్గర ఆగి చదవాలి. లోపలికి టికెట్ ధరలో కలిసే ఉందా? ఏ రోజు, ఎన్ని గంటలకు ప్రవేశం? లోపల వివరించేది లైసెన్స్ ఉన్న స్థానిక గైడేనా? ఈ మూడూ రాసి లేని చోట మీరు కొంటున్నది బస్సు ప్రయాణం మాత్రమే. ‘విజిట్’ అన్న మాట ఒక్కటి చూసి ధైర్యం తెచ్చుకోకండి. కొన్ని సంస్థలు బయట నుంచి చూపించడాన్ని కూడా అలాగే రాస్తున్నాయి. ‘ప్రవేశ టికెట్‌తో సహా’ అని ఉండాలి.

అక్రోపొలిస్ సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. అక్కడ రోజుకు 20,000 మందికే ప్రవేశం. 2023లో మొదలైన ఈ పద్ధతిలో టికెట్ మీద గంట స్లాట్ ఉంటుంది. ఆ వేళకు పావుగంట ముందు నుంచి పావుగంట తర్వాత వరకే లోపలికి పంపుతారు. బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ ఆలస్యమైనా ఆ టికెట్ పోయినట్టే. ఎండాకాలంలో ఉదయం స్లాట్లు ముందే అమ్ముడైపోతాయి. ‘వెళ్లాక కొంటాం’ అనే ఏజెంట్ మీ గ్రూపును మిట్టమధ్యాహ్నం ఎక్కిస్తాడు, లేదంటే అసలు ఎక్కించడు. 2023, 2024, 2025 వేసవుల్లో వడగాలుల రోజుల్లో మధ్యాహ్నం కొన్ని గంటలపాటు అక్రోపొలిస్‌ను మూసేశారు కూడా. కాబట్టి జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్లేవాళ్లు ఉదయం 8 గంటల స్లాటే అడగండి. స్లాట్ ఖరారయ్యాక టికెట్ పీడీఎఫ్ పంపమనండి.

ధరల్లోనూ పాత కథలు చెబుతున్నారు. అక్రోపొలిస్‌తోపాటు ప్రాచీన అగోరా, రోమన్ అగోరా, హేడ్రియన్ గ్రంథాలయం, కెరమైకోస్, ఒలింపియన్ జ్యూస్ ఆలయం, అరిస్టాటిల్ లైసియం చూసే 30 యూరోల కాంబో టికెట్ ఒకటి ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తీసేశారు. ఇప్పుడు అక్రోపొలిస్ ఒక్కదానికే 30 యూరోలు. ‘ఒకే టికెట్‌తో ఏడు స్థలాలు’ అని ఇంకా రాస్తున్న బ్రోషర్ కనబడితే ఆ సంస్థ కాగితాలను నవీకరించలేదని అర్థం. మిగతా విషయాల్లోనూ దాన్ని నమ్మడం కష్టం. కొండ కింద 2009లో తెరిచిన అక్రోపొలిస్ మ్యూజియానికి టికెట్ వేరు. అది కలిసి ఉందో లేదో విడిగా అడగాలి. సొంతంగా కొనుక్కోవాలనుకునేవాళ్లకు గ్రీకు ప్రభుత్వ అధికారిక టికెట్ సైట్ ‘హెచ్‌హెచ్‌టికెట్ డాట్ జీఆర్’ (hhticket.gr). దాన్ని పోలిన పేర్లతో, ‘స్కిప్ ద లైన్’ అంటూ, అదే టికెట్‌కు ఒక ఆడియో యాప్ తగిలించి రెట్టింపు ధరకు అమ్మే సైట్లు చాలా ఉన్నాయి. ఐరోపా సమాఖ్య దేశాల పాతికేళ్లలోపు వాళ్లకు ప్రవేశం ఉచితం. ఆ సౌకర్యం భారత పాస్‌పోర్టున్న విద్యార్థులకు వర్తించదు. ‘స్టూడెంట్స్‌కి ఫ్రీ’ అని ఎవరైనా నోటిమాటగా అంటే నమ్మకండి.

గైడు విషయంలో ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. గ్రీస్‌లో పురావస్తు స్థలాల్లోనూ మ్యూజియాల్లోనూ వివరించే హక్కు ప్రభుత్వ లైసెన్స్ ఉన్న టూరిస్ట్ గైడ్లదే. హైదరాబాద్ నుంచి మీతో వచ్చే టూర్ మేనేజర్ ఎంత చదువుకున్నవాడైనా లోపల నిలబడి గ్రూపుకు చెప్పడం చట్టానికి విరుద్ధం, కాపలావాళ్లు ఆపుతారు. ఖర్చు తగ్గించుకునే సంస్థలు గైడును పెట్టకుండా ‘మీరు తిరిగి చూసి గంటలో రండి’ అని గేటు దగ్గర వదిలేస్తాయి. వివరించేవాళ్లు లేకపోతే డెల్ఫీ, ఒలింపియా వంటి ప్రాచీన స్థలాలైనా చాలామందికి పడిపోయిన స్తంభాలూ రాళ్లూ మాత్రమే కనిపిస్తాయి. ఇంత డబ్బు పెట్టి అలా తిరిగి రావడం నిజంగా బాధాకరం. లోకల్ గైడు ఏ రోజు, ఎన్ని గంటలు, ఏ భాషలో అన్నది రాయించుకోండి. నలభై మంది గ్రూపుకైతే చెవిలో పెట్టుకునే రేడియో సెట్లు ఇస్తారా అనీ అడగండి. అవి లేకపోతే వెనక నడిచేవాళ్లకు ఒక్క ముక్కా వినబడదు.

ఇక స్థలాల్లో ఎక్కడ కోత పడుతుందో చూడండి. మైసీనీ అనే ప్రాచీన కోటలో సింహద్వారం దాకా తీసుకెళ్లి వెనక్కి తిప్పేస్తారు. అట్రియస్ ఖజానా అని పిలిచే మహా సమాధి కోటకు అర కిలోమీటరు ముందే రోడ్డు పక్కన ఉంటుంది. దాని ద్వారం మీది అడ్డురాయి ఒక్కటే దాదాపు 120 టన్నులు. అదే టికెట్ దానికీ చెల్లుతుంది, అయినా బస్సు ఆగకుండా పోతుంది. కోట, మ్యూజియం, ఈ సమాధి కలిపి రెండు గంటలు పడుతుంది. ఐటినరరీలో గంట రాసి ఉంటే ఒకటి పోయినట్టే. 1876లో పురావస్తు పరిశోధకుడు ష్లీమన్ తవ్వినప్పుడు దొరికిన ‘అగమెమ్నాన్’ బంగారు ముసుగు అసలుది అక్కడ లేదు, ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం లేని ‘క్లాసికల్ గ్రీస్’ ప్యాకేజీలు ఎన్నో. డెల్ఫీలో టికెట్ స్థలానికీ మ్యూజియానికీ కలిపే, అయినా ఆలస్యమైందని మ్యూజియం ఎగ్గొడతారు. కంచు రథసారథి విగ్రహం ఉన్నది ఆ మ్యూజియంలోనే. థోలోస్ అనే గుండ్రటి స్తంభాల కట్టడం ఉన్న అథీనా ప్రొనాయా ఆలయ ప్రాంగణం రోడ్డు వెంట ఇంకాస్త దూరంలో, దిగువన ఉంటుంది. దాన్ని కిటికీలోంచి చూపించి సరిపెట్టేవాళ్లే ఎక్కువ. అన్నీ చూడాలంటే డెల్ఫీకి మూడు గంటలు కావాలి. ఒలింపియాలో శిల్పి ప్రాక్సిటెలీస్ పేరుతో ప్రసిద్ధమైన హెర్మీస్ దేవుడి విగ్రహం కూడా మ్యూజియంలోనే ఉంది.

సమయం ఎందుకు సరిపోదంటే, దూరాలు కాగితం మీద కనబడవు. ఏథెన్స్ నుంచి డెల్ఫీ సుమారు 180 కిలోమీటర్లు, బస్సులో రెండున్నర గంటలు. డెల్ఫీ నుంచి, రాతి శిఖరాల మీద మఠాలున్న మెటియోరా కింది ఊరు కలంబాకాకు మరో 230. అక్కడి నుంచి ఏథెన్స్‌కు దాదాపు 350. డెల్ఫీ, మెటియోరా రెండూ ‘ఒకే రోజులో’ అని అమ్మే ప్యాకేజీ లెక్క వేసి చూడండి, డ్రైవింగే పది గంటలకు పైన. ఐరోపా నిబంధనల ప్రకారం బస్సు డ్రైవర్ రోజుకు 9 గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటలు నడపవచ్చు. ప్రతి నాలుగున్నర గంటలకు 45 నిమిషాల విరామం తప్పనిసరి, దాన్ని బస్సులో ఉండే టాకోగ్రాఫ్ యంత్రం నమోదు చేస్తుంది. రెండో డ్రైవర్ లేకుండా ఆ ఐటినరరీ చట్టబద్ధంగా నడవదు. నడిచేలా చేయడానికి కోసేది మీరు చూడాల్సిన గంటల్నే. ఒలింపియాకు ఏథెన్స్ నుంచి ఒక్క రోజులో వెళ్లిరావడం కూడా ఇలాంటిదే. ఒకవైపే మూడున్నర గంటలకు పైగా పడుతుంది. కలంబాకాలోనూ ఒలింపియాలోనూ రాత్రి బస ఉన్న ప్యాకేజీలే చూడండి.

మన సెలవుల్ని బట్టి వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కుంది. క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో వెళితే, చలికాలంలో డెల్ఫీ, మైసీనీ, ఒలింపియా వంటి స్థలాలు మధ్యాహ్నం మూడున్నరకే మూసేస్తారు. పొద్దున ఎనిమిదిన్నరకు తీరిగ్గా బయలుదేరి, దారిలో 1893లో పూర్తయిన కొరింత్ కాలువ దగ్గర ఫోటోలు, తర్వాత కుండల దుకాణం, తర్వాత నాఫ్‌ప్లియో ఊళ్లో భోజనం పెట్టి, చివరికి మైసీనీ అంటే గేటు మూసే వేళకు చేరతారు. ఆ కుండల దుకాణంలో, కలంబాకా దగ్గరి ఐకన్ (క్రైస్తవ పవిత్ర) చిత్రాల దుకాణంలో ఆగేది చాలాసార్లు కమీషన్ కోసమే. ‘వర్క్‌షాప్ డెమో’ అని ఉంటే తీసేయమని అడగండి. చలికాలంలో మైసీనీ, ప్రాచీన నాటకశాల ఉన్న ఎపిడారస్ ముందు, భోజనం తర్వాత అన్న వరస ఉండాలి. ఇక ఏప్రిల్, మే సెలవుల్లో వెళ్లేవాళ్లు ఆర్థడాక్స్ ఈస్టర్ తేదీ చూసుకోవాలి. అది మన క్యాలెండర్లలో ఉండే ఈస్టర్ కాదు. 2027లో మే 2న వస్తుంది. ఈస్టర్ ఆదివారం, మార్చి 25, మే 1, డిసెంబర్ 25, 26, జనవరి 1 తేదీల్లో స్థలాలు మూసి ఉంటాయి. ఆ తేదీన ‘అక్రోపొలిస్’ అని రాసిన ఐటినరరీ అంటే ఎవరూ క్యాలెండర్ చూడలేదన్నమాటే.

మెటియోరాలో ఇప్పుడు నడుస్తున్న మఠాలు ఆరు. వారంలో సెలవు రోజు అన్నిటికీ ఒకటి కాదు. ఏ మఠం అన్నది పేరుతో రాయించుకోండి. గ్రేట్ మెటియోరన్‌కు దాదాపు 300 మెట్లు ఎక్కాలి, సెయింట్ స్టీఫెన్‌కు చిన్న వంతెన దాటితే చాలు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఈ తేడా ముఖ్యం. స్త్రీలకు మోకాళ్లు దాటే స్కర్టు అడుగుతారు, ప్యాంటు ఒప్పుకోకపోవచ్చు. పైన చుట్టుకునే గుడ్డ అక్కడే ఇస్తారు. అక్రోపొలిస్ మీద పాలరాయి అరిగిపోయి నున్నగా ఉంటుంది, పట్టున్న బూట్లు లేకుండా వెళ్లకండి. నడవలేనివాళ్లకు అక్కడ లిఫ్ట్ ఉంది, సంస్థకు ముందే చెప్పి ఏర్పాటు చేయించుకోవాలి.

డబ్బు దగ్గర దాక్కునేవి ఇంకొన్ని. ధరను సగం రూపాయల్లో, సగం యూరోల్లో చెప్పి, కట్టే రోజు మారకపు రేటు వేస్తారు. ఆ రేటు ఏ బ్యాంకుది, దాని మీద ఎంత కలుపుతారు అన్నది అడగాలి. హోటళ్లలో ప్రభుత్వం వసూలు చేసే క్లైమేట్ ఫీజు గదికి, రాత్రికి లెక్క. 2025 నుంచి ఏప్రిల్-అక్టోబర్ మధ్య మూడు నక్షత్రాల హోటల్లో 5, నాలుగు నక్షత్రాల్లో 10, ఐదు నక్షత్రాల్లో 15 యూరోలు. నాలుగు నక్షత్రాల్లో ఆరు రాత్రులంటే గదికి 60 యూరోలు రిసెప్షన్ దగ్గర చేతి నుంచి పడతాయి. ‘ఏథెన్స్ హోటల్ లేదా తత్సమానం’ అంటే గ్లిఫాడా కావచ్చు, అది నగర కేంద్రానికి పదిహేను కిలోమీటర్ల దూరం. హోటల్ పేరు అడగండి. టిప్పుల పేరుతో రోజుకు ఇన్ని యూరోలని వసూలు చేస్తారా అన్నదీ తేల్చుకోండి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మే సంస్థే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కట్టించుకుంటారు. దాని రేటు ఈమధ్య చాలాసార్లు మారింది, కాబట్టి బిల్లు రోజున అమల్లో ఉన్నదే వేశారో లేదో చూడండి. మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకుంటే రిటర్నులో సర్దుకోవచ్చు. పాన్ తీసుకోకుండా నగదు అడిగే ఏజెంట్ దగ్గర కొనకండి.

గ్రీస్ వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసా నిరాకరిస్తే 90 యూరోల ఫీజు తిరిగి రాదు. అంతకన్నా పెద్ద దెబ్బ రద్దు చార్జీలు. వీసా రాకపోతే ఎంత కోస్తారో తేదీలవారీ పట్టిక రాతలో లేకుండా మొదటి వాయిదా కట్టొద్దు. గ్రూపు నిండకపోతే వేరే గ్రూపులో కలిపేసే షరతు ఉంటుంది. కలిపాక ఐటినరరీ మారకూడదని రాయించుకోండి. అమెరికా, గల్ఫ్‌లలో ఉన్నా భారత పాస్‌పోర్టు అయితే షెంగెన్ వీసా తప్పదు. బ్రిటన్‌లో ఉండి విమానంతో కలిపి కొనేవాళ్లు అటోల్ సర్టిఫికెట్ (సంస్థ మూతపడితే మీ డబ్బుకు రక్షణ) అడగండి.

అడ్వాన్స్‌కు ముందు ఏజెంట్‌కు ఈ సందేశం పంపి, జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి:

“అక్రోపొలిస్, డెల్ఫీ, మైసీనీ, ఎపిడారస్, ఒలింపియాలలో ఒక్కోదానికి ప్రవేశ టికెట్ ధరలో ఉందా? మ్యూజియంతో కలిపా? ఏ తేదీ, ఏ వేళ, ఎన్ని గంటలు? లైసెన్స్ ఉన్న గైడు ఎక్కడెక్కడ ఉంటారు? హోటళ్ల పేర్లేమిటి? క్లైమేట్ ఫీజు, టిప్పులు ఎవరు కడతారు? వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారు?”

అన్నీ రాయించుకున్నా అక్కడ ఎగ్గొడితే, ఆ రోజే టూర్ మేనేజర్‌కు వాట్సాప్‌లో తేదీ, స్థలం పేరు పెట్టి రాయండి. మూసిన గేటునూ, వేళల బోర్డునూ ఫోటో తీయండి. తోటి ప్రయాణికుల చేత ఒక కాగితం మీద సంతకాలు చేయించండి. తిరిగొచ్చాక ముందు సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దారికి రాకపోతే మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయవచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి.